తాతయ్య పెట్టెలో దొరికిన సూపర్ తకుమార్ 50 1.4, గాజు టీ రంగులోకి తిరిగింది. ఇది ఏ రకం, ఎంత చెప్పొచ్చు?

గోదారి_గట్టు | శనివారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం అండి. మాది రాజమండ్రి. తాతయ్యకి ఇక్కడ ఫొటో స్టూడియో ఉండేది, మూసేసి ఇరవై ఏళ్ళయింది, తాతయ్య పోయి కూడా ఏడాది దాటింది. మొన్న సంవత్సరీకాలు అయ్యాక అటక మీద సామాను దింపుతుంటే రేకు పెట్టెలో తోలు కేసు, అందులో అసాహి పెంటాక్స్ స్పాట్‌మాటిక్ కెమెరా, దానికి బిగించిన లెన్స్ ఒకటి దొరికాయి. లెన్స్ ముందు రింగు మీద సూపర్-తకుమార్ 1:1.4/50 అని, అసాహి ఆప్టికల్ కంపెనీ జపాన్ అని, ఒక ఏడంకెల నంబరు ఉన్నాయి. 1971లో మద్రాసు వెళ్ళినప్పుడు బర్మా బజార్లో తెలిసినాయన ద్వారా కొన్నారని మామ్మ చెప్తోంది, ఎంతకి కొన్నారో ఆవిడకి గుర్తు లేదు, ఆ నెల ఇంట్లో గొడవైందని మాత్రం గుర్తుంది.

పాత సామాన్లు కొనే ఒకాయన వచ్చి చూసి, గాజు పసుపు రంగుకి తిరిగిపోయింది, కుళ్ళిపోయినట్టే, కెమెరా లెన్స్ రెండూ కలిపి 2500 ఇస్తా అన్నాడు. నిజంగానే తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే పల్చటి టీ పోసినట్టు కనపడుతోంది. అమ్మేయాలని తొందరేం లేదు, కానీ అసలు ఇదేంటో, విలువెంతో తెలీకుండా ఇచ్చేయడం ఇష్టం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

బొకే_పిచ్చి | శనివారం రాత్రి 9:58

బ్రో ఆగు ఆగు, ఇవ్వకు!! సూపర్ తకుమార్ 1.4 అంటే 8 ఎలిమెంట్ల (లోపల 8 గాజులున్న) లెన్స్, కలెక్టర్లు వెతుక్కుంటూ తిరుగుతుంటారు దీనికోసం. నేనొక వీడియోలో చూశా, 20 వేలు పైమాటే. ఆయనకి ఫోన్ చేసి కుదరదని చెప్పెయ్ ముందు

హైపో_వాసన | శనివారం రాత్రి 10:31

బాబూ, నేను తెనాలిలో ముప్పై ఏళ్ళు స్టూడియో నడిపినవాణ్ణి, ఈ లెన్సులు చాలా చేతులు మారడం చూశాను. 2500కి ఇవ్వొద్దన్నది సరైన మాటే, కానీ 8 ఎలిమెంట్లదని ఇప్పుడే అనుకోవద్దు. ఆ పేరుతో రెండు వేర్వేరు లెన్సులు వచ్చాయి. 1964లో స్పాట్‌మాటిక్‌తో పాటు వచ్చిన మొదటిదాంట్లో 8 గాజులు, వెనక గుంపులో మూడు గాజులు ఒకదానికొకటి అంటించి ఉంటాయి. కొంత కాలానికే డిజైన్ మార్చి 7 గాజులు చేశారు. ముందు రింగు మీద పేరు మాత్రం ఒక్క అక్షరం కూడా మార్చలేదు. అందుకే పేరు చూసి ధర చెప్పేవాళ్ళని నమ్మకూడదు. నంబరు చూసి చెప్పేవాళ్ళని కూడా కొంచెం జాగ్రత్తగానే వినాలి, ఎందుకంటే ఆ పేరు రింగు రబ్బరు ముక్కతో తిప్పితే ఊడొచ్చేస్తుంది, సర్వీసు చేసేవాళ్ళు ఒకదాని రింగు ఇంకోదానికి బిగించినవి నా చేతుల్లోకే వచ్చాయి.

మీరు ఫొటోలు మూడు పెట్టండి. ఒకటి పై నుంచి, డెప్త్ అంకెలు (ఎంత మేర ఫోకస్‌లో ఉంటుందో చెప్పేవి, 16, 8, 4 అని రెండు పక్కలా ఉంటాయి) కనపడేలా. రెండు, కెమెరా నుంచి మర తిప్పి ఊడదీసి వెనక గాజుని పక్క నుంచి. మూడోది గాజులోంచి టార్చి వేసి.

గోదారి_గట్టు | శనివారం రాత్రి 11:15

థాంక్యూ అండి. లైటు సరిగ్గా లేదు, ఫొటోలు పొద్దున పెడతాను. డెప్త్ అంకెల దగ్గర ఒక చిన్న ఎర్ర గీత ఉంది, అది దేనికి?

హైపో_వాసన | శనివారం రాత్రి 11:22

దాని గురించే అడుగుతున్నాను బాబూ. అది ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ము వాడినప్పుడు ఫోకస్ సర్దుకోడానికి పెట్టిన గుర్తు. ఎవరూ వాడేవారు కాదు, కానీ ఇప్పుడు ఈ లెన్సు పుట్టుక చెప్పేది అదే. లోపల గాజులు మారితే ఇన్‌ఫ్రారెడ్ ఫోకస్ పడే చోటు కూడా మారుతుంది కాబట్టి గీతని జరపక తప్పలేదు. ఎర్ర గీత, తన పక్కనున్న 4 అంకెకి కుడివైపు ఉంటే 8 గాజులది, ఎడమవైపు ఉంటే 7 గాజులది.

గోదారి_గట్టు | ఆదివారం ఉదయం 7:50

చూశానండి! కుడివైపే ఉంది!! ఫొటో కాసేపట్లో పెడతా, డేటా కేబుల్ వెతుకుతున్నా

బొకే_పిచ్చి | ఆదివారం ఉదయం 7:56

చెప్పానా!! కంగ్రాట్స్ బ్రో 🔥🔥

కోఠి_చక్కర్లు | ఆదివారం ఉదయం 8:40

ఒక్క నిమిషం అన్నా. రెండు ముచ్చట్లు కలుస్తలేవు. నా దగ్గర 7 ఎలిమెంట్లది ఉంది, అది కూడా ఇట్లనే పసుపు పడ్డది. పసుపు పడేది థోరియం కలిపిన గాజు, 8 ఎలిమెంట్ల దాంట్ల అది ఉండదు, అందుకే పసుపు పడదు. నీ లెన్స్ టీ రంగు ఉందంటున్నవ్, మళ్ళ గీత కుడికి ఉందంటున్నవ్. రెండిట్ల ఏదో ఒకటి తప్పు. అన్నా నువ్వు లెన్స్ ఎటు తిప్పి పట్టుకొని చూసినవ్? ముందు గాజు నీ దిక్కు పెట్టుకుంటే అంకెలు తలకిందులైతయి, కుడి ఎడమ మారిపోతది. 4 అంకె సక్కగ చదవొచ్చేటట్టు పట్టుకొని మళ్ళ చూడు.

గోదారి_గట్టు | ఆదివారం ఉదయం 9:05

అయ్యో, నిజమే అన్నా. ముందు గాజు నా వైపు పెట్టుకునే చూశాను. 4 నిటారుగా కనపడేలా పట్టుకుంటే గీత 4కి ఎడమవైపు, మధ్య గుర్తుకీ 4కీ నడుమ ఉంది. ఫొటోలు పెట్టాను చూడండి. వెనక గాజు కూడా పక్క నుంచి తీశా.

హైపో_వాసన | ఆదివారం ఉదయం 9:30

కోఠి తమ్ముడు బాగా పట్టుకున్నాడు, నాకు రాత్రే తట్టాల్సింది, పసుపు అని మీరు మొదటి మాటలోనే చెప్పారు కదా. ఫొటోలు చూశాను. వెనక గాజు లోహపు అంచుకి లోపలే ఉంది. 8 గాజుల దాంట్లో అది అంచు దాటి బయటికి ఉబ్బి కనపడుతుంది, లెన్సుని వెనక మూత లేకుండా బల్ల మీద నిలబెట్టాలంటే భయమేస్తుంది. మీది 7 గాజులదే. మూడు గుర్తులూ ఒకే మాట చెప్తున్నాయి, ఇక అనుమానం అక్కర్లేదు. 1971లో కొన్నారన్న మామ్మగారి మాటకి కూడా సరిపోతుంది, ఆ ఏడాదే కంపెనీ ఏడు పొరల కోటింగుతో సూపర్-మల్టీ-కోటెడ్ తకుమార్ అని కొత్త పేరు పెట్టింది, మీది దానికి కాస్త ముందరి సరుకు.

నిరుత్సాహపడకండి. వాడుకోడానికి 7 గాజులది ఏమీ తక్కువ కాదు, ఫోకస్ రింగు తిప్పితే వెన్నలో చెయ్యి పెట్టినట్టు ఉంటుంది, ఇప్పటి లెన్సుల్లో ఆ తిప్పుడు లేదు.

అమ్మలూ_ఆల్బమ్ | ఆదివారం ఉదయం 10:12

థోరియం అంటే రేడియోధార్మికం కదండీ? మావారి దగ్గర ఇలాంటిదే ఒకటుంది, మా పాప ఆడుకునే గదిలో బీరువాలో ఉంటుంది. ఇప్పుడు చదివాక గుండె దడగా ఉంది. పారేయమంటారా

ఫిజిక్స్_మాస్టారు_వైజాగ్ | ఆదివారం ఉదయం 11:03

అమ్మా, కంగారు పడకండి, పారేయనూ వద్దు. నేను రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ని, కాస్త వివరంగా చెప్తాను.

గాజులో థోరియం ఆక్సైడ్ కలిపితే అది కాంతిని బాగా వంచుతుంది, అదే సమయంలో రంగుల్ని ఎక్కువగా విడగొట్టదు. వెలుగు ఎక్కువగా పట్టే లెన్సులు తయారుచేసేవాళ్ళకి ఈ రెండూ కావాలి, అందుకని ఆ రోజుల్లో జపాన్‌లోనూ ఇతర దేశాల్లోనూ చాలా కంపెనీలు వాడాయి. థోరియం అర్ధజీవితం సుమారు 1,400 కోట్ల ఏళ్ళు, అంటే అది చాలా నెమ్మదిగా విచ్ఛిన్నమవుతుంది. అది వదిలే ఆల్ఫా కణాల్ని కాగితం ముక్క కూడా ఆపేస్తుంది, చాలావరకు గాజులోనే ఆగిపోతాయి. దాన్నుంచి పుట్టే మూలకాల వల్ల కొంచెం బీటా, గామా కూడా వస్తాయి, కొలిచే మీటరు వెనక గాజుకి ఆనిస్తే బాగానే టిక్కుటిక్కుమంటుంది, కొద్దిగా దూరం జరిపితే ఆ టిక్కులు బాగా తగ్గిపోతాయి.

మన చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో, జాతరల్లో పెట్రోమాక్స్ లైట్లు వెలిగేవి కదా, ఆ తెల్లటి మాంటిల్‌లో ఉన్నది కూడా థోరియమే. అది వేడికి తెల్లగా మండి వెలుగిచ్చేది. మా భీమిలి తీరం ఇసుకలో ఉండే మోనజైట్ అనే ఖనిజంలోనూ థోరియం ఉంది. మాంటిల్ పొడైతే గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, లెన్స్‌లో అయితే గాజులో బందీగా ఉంటుంది. కాబట్టి జాగ్రత్తలు ఏమిటంటే, గాజుని అరగదీయకూడదు, పగిలితే ముక్కలు చేత్తో ఏరకుండా తడిగుడ్డతో తీసి పారేయాలి, కంటికి ఆనించి భూతద్దంలా గంటల తరబడి వాడకూడదు, తలగడ కింద పెట్టుకోకూడదు. పాప గదిలోంచి తీసి హాల్లో బీరువాలో పెట్టుకుంటే మీ మనసు కూడా కుదుటపడుతుంది.

అమ్మలూ_ఆల్బమ్ | ఆదివారం ఉదయం 11:20

చాలా థాంక్స్ మాస్టారూ. ఇప్పుడే హాల్లోకి మార్చేశాం.

గోదారి_గట్టు | ఆదివారం మధ్యాహ్నం 12:44

మాస్టారూ మరి ఆ పసుపు ఎందుకొస్తుంది, పోతుందా? తాతయ్య తీసిన పాత కలర్ ఫొటోలు చూస్తే ఎక్కడా పసుపు లేదు

ఫిజిక్స్_మాస్టారు_వైజాగ్ | ఆదివారం మధ్యాహ్నం 1:15

కొన్నప్పుడు తెల్లగానే ఉండి ఉంటుంది. ఆ కిరణాలు ఏళ్ళ తరబడి తగిలి గాజులో ఎలక్ట్రాన్లు స్థానం తప్పి కొన్ని చోట్ల చిక్కుకుపోతాయి, ఆ చోట్లు నీలం కాంతిని మింగేస్తాయి, అందుకని మనకి పసుపుగా కనపడుతుంది. చీకటి పెట్టెలో ఉంచినకొద్దీ పేరుకుంటుంది. అతినీలలోహిత (యూవీ) కాంతి పడితే చిక్కుకున్న ఎలక్ట్రాన్లు విడిపోయి వెనక్కి వెళ్ళిపోతాయి. అంటే కుళ్ళిపోవడం కాదు, మళ్ళీ తెల్లబడుతుంది.

కోఠి_చక్కర్లు | ఆదివారం మధ్యాహ్నం 2:02

నాది నేను చేసుకున్న అన్నా, చెప్త విను. గోళ్ళ రంగు ఆరబెట్టే యూవీ ల్యాంపు ఆన్‌లైన్ల దొరుకుతది, అది తీసుకున్న. వెనక మూత తీసి, వెనక గాజు ల్యాంపు దిక్కు పెట్టి (థోరియం గాజు వెనక గుంపుల ఉంటది కాబట్టి), ఎపర్చర్ (వెలుగు పోయే రంధ్రం) ఓపెన్ల పెట్టి, ముందు దిక్కు అల్యూమినియం రేకు కాయితం వేసిన, వెలుగు మళ్ళ వాపసొస్తది. రోజుకు ఏడెనిమిది గంటలు, ఆరు రోజులల్ల మస్తు తేడా వచ్చింది. ల్యాంపు కండ్లతోని చూడకు, బట్ట కప్పు. గంటకోసారి చెయ్యి పెట్టి చూడు, లెన్స్ వేడెక్కితే ఆపు.

బొకే_పిచ్చి | ఆదివారం మధ్యాహ్నం 2:20

ల్యాంపు ఎందుకు, మన రాజమండ్రి ఎండ చాలదా? డాబా మీద పెడితే రెండ్రోజుల్లో తెల్లగా అయిపోద్ది కదా

హైపో_వాసన | ఆదివారం మధ్యాహ్నం 3:05

వద్దు నాయనా, డాబా మీద మాత్రం పెట్టొద్దు. ఎండలో కూడా యూవీ ఉంది, పనిచేస్తుంది, కాదనను. కానీ 1.4 లెన్సు అంటే వెలుగు బాగా పట్టే పెద్ద భూతద్దం, సూర్యుడు జరిగేకొద్దీ ఆ చుక్క కూడా జరుగుతూ దేనిమీదో ఒకదాని మీద పడుతుంది, గుడ్డైనా చెక్కైనా అంటుకుంటుంది. పైగా రోహిణి కార్తె ఎండకి లోపలి గ్రీజు కరిగి ఎపర్చర్ రేకుల మీదికి పాకుతుంది, ఇక రేకులు అతుక్కుని కదలవు. ఒక లెన్సుని అలా పాడుచేసుకున్నవాణ్ణి నేను, దాన్ని సర్వీసుకిస్తే ఆ మెకానిక్ ఫోకస్ మరని తప్పు గాడిలో ఎక్కించి ఇచ్చాడు, ఆ తర్వాత అది దూరం ఫోకస్ కాలేదు, మళ్ళీ బాగుచేయించడానికి లెన్సు ఖరీదంత అయింది. ల్యాంపు పద్ధతి చాలు.

ఇంకోమాట, బ్లాక్ అండ్ వైటు తీసేవాళ్ళయితే ఆ పసుపు ఉన్నా పర్వాలేదు. మేం ఆకాశం ముదురుగా రావాలని డబ్బులిచ్చి పసుపు ఫిల్టరు కొనుక్కునేవాళ్ళం.

ఎడిసన్_ఫొటో | ఆదివారం సాయంత్రం 6:48

న్యూజెర్సీ నుంచి. ధర గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. ఈబేలో పేరు కొట్టగానే వచ్చేవి అమ్మేవాళ్ళు అడిగే ధరలు, అవి ఎంతైనా పెట్టుకోవచ్చు, నెలల తరబడి అలాగే పడుంటాయి. అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంటుంది, అది పెట్టి చూడాలి. నేను కొన్నాళ్ళుగా గమనిస్తున్నదాన్ని బట్టి 7 ఎలిమెంట్లది శుభ్రంగా ఉంటే 70 నుంచి 120 డాలర్ల మధ్య పోతోంది, 8 ఎలిమెంట్లది దానికి ఇంచుమించు రెట్టింపు. కానీ ఇక్కడి ధరని రూపాయల్లోకి మార్చి అక్కడ అడగడం కుదరదు, అక్కడ కొనేవాళ్ళు తక్కువ, ఇక్కడికి పంపితే పోస్టు ఖర్చు, మధ్యలో పగిలితే గొడవ.

ఇంకా ముఖ్యమైంది కండిషన్. ఎపర్చర్ ఓపెన్ చేసి, టార్చి ఒక వైపు నుంచి ఏటవాలుగా వేసి రెండో వైపు నుంచి చూడండి. సాలెగూడులా దారాలు కనపడితే ఫంగస్. పొగమంచులా మొత్తం కనపడితే హేజ్. అంచుల్లో ఇంద్రధనుస్సు రంగుల మచ్చ ఉంటే గాజులు అంటించిన జిగురు వదులుతున్నట్టు, అది బాగుచేయడం కష్టం. నాలుగు ధూళి రేణువులుంటే పట్టించుకోకండి, ఫొటోలో కనపడవు.

గోదారి_గట్టు | ఆదివారం రాత్రి 8:30

టార్చి వేసి చూశా అన్నా. ముందు గాజు లోపలివైపు అంచున రెండు మూడు సన్నటి దారాలున్నాయి, అర అంగుళం కూడా ఉండవు. మధ్యలో శుభ్రంగా ఉంది. ఇంద్రధనుస్సు మచ్చలు లేవు. ఎపర్చర్ రేకులు పొడిగా ఉన్నాయి, లెన్స్ మీదున్న ఏ/ఎం (ఆటో/మాన్యువల్) స్విచ్ ఎం మీద పెట్టి రింగు తిప్పితే టకటకా మూసుకుంటున్నాయి. ఫోకస్ రింగు కొంచెం బిగుతుగా ఉంది.

హైపో_వాసన | ఆదివారం రాత్రి 9:10

గోదావరి గాలి తేమకి, యాభై ఏళ్ళు తోలు కేసులో ఉండి, ఇంత తక్కువ ఫంగస్ అంటే తాతగారు ఎంత జాగ్రత్త మనిషో తెలుస్తోంది. ఆ తోలు కేసు మాత్రం లెన్సుకి శత్రువు, తేమ పీల్చుకుని దాచిపెట్టుకుంటుంది. కేసు విడిగా పెట్టి, లెన్సుని గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. యూవీ ల్యాంపు పెట్టినా దారాలు వాటంతటవి పోవు, మంచి పనితనం ఉన్నవాడు ముందు గుంపు విప్పి తుడిస్తే పోతాయి. కోటింగుని తినేసి ఉంటే మచ్చ మిగులుతుంది. మీరు మాత్రం శానిటైజరూ స్పిరిటూ దూది ముంచి పై నుంచి రుద్దకండి.

కోఠి_చక్కర్లు | ఆదివారం రాత్రి 9:41

మన దగ్గర అమ్మకాల గ్రూపులల్ల నేను చూసినంతల, గిట్ల కొద్దిగ ఫంగస్ ఉండి పసుపు పడ్డది 4000, 5000 దాక పోతది. పసుపు తీసేసి, ఫంగస్ తుడిపిచ్చి, అదే లెన్స్‌తోని దించిన ఫొటోలు నాలుగు పెడితే 7000, 8000కి అడిగెటోళ్ళున్నరు. కెమెరా బాడీ నడుస్తుంటే ఇంకో మూడు నాలుగు వేలు. వెలుగు కొలిచే మీటర్ సూది కదులుతుందా చూడు అన్నా. పాత మర్క్యూరీ బ్యాటరీ ఇప్పుడు దొరకదు గని స్పాట్‌మాటిక్‌ల బ్యాటరీ వోల్టేజ్ తేడాని పట్టించుకోని బ్రిడ్జ్ సర్క్యూట్ ఉంటది, ఇప్పటి సిల్వర్ ఆక్సైడ్ బిళ్ళ వేసినా మీటర్ సక్కగనే చూపిస్తది. బ్యాటరీ మూత మాత్రం తుప్పు పట్టి ఇరుక్కుంటది, జోరుగ తిప్పకు.

బొకే_పిచ్చి | ఆదివారం రాత్రి 10:05

నేను 20 వేలు అని తొందరపడి చెప్పాను, సారీ బ్రో. ఒకే పేరుతో రెండున్నాయని నాకు తెలీదు. నా దగ్గర సోనీ మిర్రర్‌లెస్ ఉంది, ఎం42 (ఈ లెన్సుల మర పేరు) అడాప్టర్ వెయ్యి రూపాయల్లోపే దొరికింది, దాంతో ఇలాంటి లెన్సులు అన్నీ పడతాయి, జెనిట్‌వి, ప్రాక్టికావి కూడా అదే మర. అమ్మే ముందు ఒక్కసారి తగిలించి నాలుగు ఫొటోలు తియ్యి, ప్లీజ్. అడాప్టర్‌కి బిగించినప్పుడు లెన్స్ మీది ఏ/ఎం స్విచ్ ఎంలో పెట్టుకో, లేకపోతే ఎపర్చర్ మూసుకోదు. నికాన్ డీఎస్ఎల్ఆర్ మాత్రం వద్దు, మధ్యలో గాజున్న అడాప్టర్ లేకపోతే దూరం ఫోకస్ పడదు.

గోదారి_గట్టు | ఆదివారం రాత్రి 10:30

నీ మాట వల్లే ఆయనకి ఇవ్వకుండా ఆగాను, సారీ ఎందుకు బ్రో. ల్యాంపు ఆర్డర్ పెట్టాను. మా బాబాయి కొడుకు దగ్గర సోనీ ఉంది, అడాప్టర్ కూడా తెప్పిస్తా.

హైపో_వాసన | సోమవారం ఉదయం 6:15

రాత్రి చెప్పడం మరిచాను. తకుమార్ అన్న పేరు ఎక్కడిదో తెలుసా, కంపెనీ పెట్టిన కజివారా గారి సోదరుడు తకుమా కజివారా. ఆయన అమెరికా వెళ్ళి ఫొటోగ్రాఫర్‌గా, చిత్రకారుడిగా పేరు తెచ్చుకున్నాడు. ఒక ఫొటోగ్రాఫర్ పేరు పెట్టుకున్న లెన్సు ఇంకో ఫొటోగ్రాఫర్ పెట్టెలో ఇన్నేళ్ళు ఉండడం నాకు ఎంతో బాగుంది బాబూ.

గోదారి_గట్టు | తర్వాతి వారం, బుధవారం రాత్రి 8:55

అప్‌డేట్ అండి. ల్యాంపు కింద ఎనిమిది రోజులైంది. రోజూ పొద్దున అదే తెల్ల కాగితం మీద అదే కిటికీ దగ్గర పెట్టి ఫొటో తీశాను, వరసగా పెట్టాను చూడండి. టీ రంగు పోయి నిమ్మకాయ నీళ్ళ రంగులోకి వచ్చింది, ఇంకో మూడు రోజులుంచుతాను. మీటర్ సూది కదులుతోంది. బ్యాటరీ మూత బిగుసుకుంటే రబ్బరు గ్లవ్ వేసుకుని మెల్లగా తిప్పితే వచ్చింది.

పాత సామాన్లాయన మళ్ళీ ఫోన్ చేసి 4000 అన్నాడు. ఇది 7 గాజులదనీ, పసుపు పోతుందనీ నేను చెప్పాక 6000 అన్నాడు. ఇవ్వనని చెప్పేశాను. రేపు అవసరమొస్తే అమ్మొచ్చేమో, ఇప్పుడు కాదు.

నిన్న సాయంత్రం అడాప్టర్ వచ్చింది. మామ్మని వీధి అరుగు మీద కూర్చోబెట్టి ఎఫ్ 2లో తీశాను. ఆవిడ కెమెరా వైపు చూడకుండా లెన్సునే చూస్తూ, ఇది మీ తాతయ్యది కదరా అని మూడుసార్లు అడిగింది. ఫోకస్ కళ్ళజోడు ఫ్రేము మీద పడింది, కళ్ళ మీద పడలేదు. రేపు మళ్ళీ తీస్తాను.

హైపో_వాసన | బుధవారం రాత్రి 9:20

1.4లో ఓపెన్ పెట్టి తీసేటప్పుడు ఫోకస్ రింగు తిప్పి పట్టాక మీరు ఊపిరి బిగబట్టి ముందుకీ వెనక్కీ ఒక్క వేలెడు ఊగండి, కంటి రెప్ప వెంట్రుకలు పదునుగా కనపడ్డ క్షణంలో నొక్కండి. మేం స్టూడియోలో అలాగే తీసేవాళ్ళం. తీశాక ఇక్కడ పెట్టండి, చూస్తాను.